తీన్‌మూర్తి కూడలిలో హైదరాబాదు సైనికుడు

న్యూఢిల్లీలోని తీన్‌మూర్తి భవనం పేరు వినని విద్యావంతుడు అరుదు. జవహర్‌లాల్ నెహ్రూ 1948 మొదలు 1964లో కన్నుమూసే వరకు నివసించిన ఆ సౌధానికి ఆ పేరు ఎదుటి కూడలిలోని మూడు కంచు విగ్రహాల వల్ల వచ్చింది. విగ్రహాలు 1924 నాటివి. బ్రిటిషు సర్వసేనాని నివాసంగా సౌధం వెలసినది 1930లో. భవనం దేశప్రసిద్ధి పొందినకొద్దీ ఆ ముగ్గురు మూర్తులు ఎవరన్న ప్రశ్న మరుగున పడింది.

వారు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల అశ్విక సైనికులకు ప్రతీకలు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ సంస్థానాల దళాలు 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్వికదళ బ్రిగేడ్‌లో చేరి, తొలుత సూయెజ్ కాలువ రక్షణలోను, పిమ్మట పాలస్తీనా రణరంగంలోను పనిచేశాయి. 1918 సెప్టెంబరు 23న తురుష్క సామ్రాజ్యాధీనంలోని హైఫా రేవు పట్టణంపై జరిగిన దాడి ఆ బ్రిగేడ్ కీర్తికి శిఖరం. మరతుపాకులూ ఫిరంగులూ కాపున్న పట్టణం మీదికి జోధ్‌పూర్, మైసూరు రౌతులు బల్లేలతో గుర్రాలను దూకించి, దానిని ఆనాడే వశపరచుకున్నారు. జోధ్‌పూర్ రౌతులను నడిపించిన మేజర్ దళపత్ సింగ్ అక్కడే నేలకొరిగాడు. సుమారు 1,350 మంది జర్మన్, తురుష్క సైనికులు బందీలయ్యారు.

మరి, తెలంగాణ జిల్లాలు అంతర్భాగంగా ఉన్న హైదరాబాదు సంస్థానపు దళం? అది ఆ దాడిలో లేదు. దానికి అప్పగించిన పని యుద్ధఖైదీల సంరక్షణ. ఖైదీల కాపలా ఏ కవికీ కావ్యవస్తువు కాదు. అయినను శిల్పి లెనార్డ్ జెన్నింగ్స్ ముగ్గురినీ సమానంగానే నిలిపాడు. ఆ స్మారకం ఒక్క హైఫా విజయానికి కాక, ఆ యుద్ధంలో ప్రాణాలర్పించిన బ్రిగేడ్ సైనికులందరికీ చెందినది. దాడి చేసినవానికీ కాపలా కాచినవానికీ ఒకే పీఠం దక్కడం మెచ్చదగిన సంగతి. సైనిక జీవితంలో అధికభాగం కాపలాయే కదా!

అది పరప్రభుత్వం చెల్లించిన కృతజ్ఞత అన్న సంకోచం స్వతంత్ర భారతానికి ఉండడం సహజమే. పదమూడు వేలకు పైగా పేర్లు చెక్కిన, 1931లో ఆవిష్కృతమైన ఇండియా గేట్ విషయంలోనూ ఇదే సంకోచం. 1971 యుద్ధానంతరం, 1972 జనవరి 26న, ఆ తోరణం క్రిందనే అమర్ జవాన్ జ్యోతి వెలిగింది. ప్రత్యేకంగా జాతీయ యుద్ధ స్మారకం ఏర్పడినది 2019 ఫిబ్రవరి 25న. 2022 జనవరిలో పాత జ్యోతిని అక్కడి జ్యోతిలో కలిపారు. స్వాతంత్ర్యానంతరం అసువులు బాసిన ప్రతి సైనికుని పేరూ అక్కడ ఒక్కొక్క శిలాఫలకంపై ఉంది. 2020లో గల్వాన్ లోయలో అమరుడైన సూర్యాపేట బిడ్డ కర్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు పేరూ వాటిలో ఒకటి. తెలుగువారికి ఈ ఆచారం క్రొత్త కాదు. వీరగల్లులు ఊరూరా ఉన్నవి. కారెంపూడిలో పల్నాటి వీరుల ఆయుధాలకు నేటికీ ఏటేటా పూజలు జరుగుతున్నవి.

మరణించినవానికి శిల నిలపడం సులభం. బ్రతికి ఇంటికి వచ్చినవానికి కృతజ్ఞత చూపడం ఖజానాకు సంబంధించిన మాట. సైనికుల, మాజీ సైనికుల కుటుంబాల సంక్షేమానికై 1949 నుండి ప్రతి డిసెంబరు 7న పతాక దినం జరుపుతున్నాము; చిన్న జెండాను చొక్కాకు తగిలించి చందా పుచ్చుకునే ఆ పద్ధతి మంచిదే, కాని చందా పింఛను కాదు. ఒకే హోదాకు ఒకే పింఛను కావాలని 2015 జూన్‌లో మాజీ సైనికులు జంతర్ మంతర్ వద్ద దీక్షకు కూర్చున్నారు. 2014 జూలై 1 నుండి వర్తించేలా ఆ పథకాన్ని ప్రభుత్వం 2015 సెప్టెంబరు 5న ప్రకటించింది. దీక్షాశిబిరంలో 1965 యుద్ధం చేసిన వృద్ధులున్నారు. ఆ యుద్ధ స్వర్ణోత్సవాలు జరిగినదీ ఆ సంవత్సరమే.