మూడుముళ్లు లేని మనోవర్తి

తిక్కన శిష్యుడు కేతన పేరు చెప్పగానే దశకుమార చరిత్ర, ఆంధ్రభాషాభూషణం గుర్తొస్తాయి. 13వ శతాబ్దపు ఆ కవి విజ్ఞానేశ్వరీయం కూడా రాశాడు. కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు సంస్కృతంలో రాసిన మితాక్షరకు అది తెలుగు పద్యరూపం. ఆస్తి పంపకమైనా వారసత్వమైనా తెలుగునాట హిందువుల తగవులు శతాబ్దాలపాటు మితాక్షర ప్రకారమే తీరాయి. కంపెనీ దొరల కాలం నుంచి ఇంగ్లీషు జడ్జీలు కూడా దాన్నే ప్రమాణంగా పట్టుకున్నారు.

ఆ మితాక్షరలో ‘అవరుద్ధ స్త్రీ’ ప్రస్తావన ఉంది. పెళ్లి తంతు లేకుండా ఒకే మగవాడిని నమ్ముకుని బతికిన స్త్రీ అన్నమాట. వారసులు లేని ఆస్తి రాజుకు చేరేటప్పుడు కూడా ఆమె తిండికీ బట్టకూ సరిపడా విడిచిపెట్టాలని ఆ గ్రంథం చెబుతుంది. కోర్టులు ఈ మాట పట్టుకుని, చనిపోయినవాడి ఆస్తి వారసుల చేతికి వెళ్లినా అందులోంచి ఆమెకు మనోవర్తి ఇప్పించేవి. షరతులు మాత్రం గట్టివే. అతను పోయేదాకా అతనితోనే ఉండాలి, మరొకరి వైపు చూడకూడదు. అతను బతికుండగానే వెళ్లగొడితే అడిగే దిక్కు లేదు. ఆమెను కుటుంబం ఉండే ఇంట్లోనే ఉంచుకుని ఉండాలా అనే తగవు బొంబాయి నుంచి లండన్ దాకా వెళ్లింది. అక్కర్లేదు, వేరే ఇంట్లో ఉన్నా ఆ సంబంధం బహిరంగంగా సాగితే చాలని 1926లో అక్కడి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్ తేల్చింది.

మరుసటి ఏడాదే సిలోన్ కేసులో అదే ప్రీవీ కౌన్సిల్ ఇంకో దారి చూపింది. ఆలుమగల్లా కలిసి బతికినవాళ్లకు పెళ్లయిందనే చట్టం అనుకోవాలి, కాలేదనేవాళ్లే అది రుజువు చేయాలి అంది. ఈ సూత్రానికి స్వతంత్ర భారతంలో నిండు ప్రాణం పోసింది సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. 1978లో ఆయన ముందుకొచ్చిన కేసులో ఒక జంట యాభై ఏళ్లు కాపురం చేసింది. ఆ పెళ్లికి సాక్ష్యం ఏదని ఎదుటిపక్షం నిలదీసింది. అర్ధశతాబ్దం తర్వాత పురోహితుణ్నీ సాక్షుల్నీ తెమ్మంటే నెగ్గేవాళ్లు ఎందరుంటారని ఆయన అడిగాడు. తీర్పు చాలా చిన్నది. ఆ తర్వాత ఎన్ని కోర్టుల్లో అక్కరకొచ్చిందో!

పెళ్లి కాలేదని తేలిపోయిన ఆడవాళ్లకు మాత్రం ఈ దారి మూసుకుపోయినట్టే. పాత ధర్మశాస్త్రం ఇచ్చిన పిడికెడు మనోవర్తి కూడా 1956లో పోయింది. ఆ ఏడాది వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టం చనిపోయినవాడి ఆస్తిలోంచి పోషణ పొందాల్సినవాళ్ల జాబితా రాసింది. అందులో వితంతువు ఉంది. పెళ్లి లేకుండా పుట్టిన మైనర్ కొడుకూ, పెళ్లికాని కూతురూ ఉన్నారు. వాళ్లను కన్న తల్లి మాత్రం లేదు. అంతకు ముందటేడు హిందూ వివాహ చట్టం ఏకపత్నీత్వాన్ని నిలబెట్టింది. అది నిజంగా గొప్ప సంస్కరణే. కానీ ఆ సంస్కరణ ఖరీదు, మగవాడి మాట నమ్మి వచ్చిన ఆడదాని దగ్గర వసూలు చేయడం అన్యాయం.

ఆ అన్యాయం 1988లో బాహాటంగా బయటపడింది. మొదటి భార్య ఉండగా జరిగిన పెళ్లి చెల్లదు కాబట్టి, రెండో ఆమె క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భార్య కాదని, మనోవర్తి రాదని సుప్రీంకోర్టు తేల్చింది. తప్పు చేసినవాడికి తన తప్పే రక్షణ అయింది! ఇదే ఎత్తు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కట్న వేధింపు కేసులోనూ వేశారు. నాకు అంతకుముందే పెళ్లయింది, ఈమెతో జరిగింది చెల్లదు, కనుక నేను భర్తనే కాను, భార్యను వేధించిన భర్తను శిక్షించే 498ఏ సెక్షన్ నాకు వర్తించదన్నాడు నిందితుడు. 2009లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది.

ఈ రెండు తీర్పుల మధ్యలోనే 2005 నాటి గృహహింస చట్టం వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. భార్యతో పాటు ‘వివాహం వంటి సంబంధం’లో ఉన్న స్త్రీని కూడా అది చేర్చుకుంది. కలిసి ఉన్న ఇంట్లోంచి గెంటేయకుండా ఉత్తర్వు, దెబ్బల నుంచి రక్షణ, బతకడానికి డబ్బు, ఈ మూడూ అడగొచ్చు. అవరుద్ధ స్త్రీ అతను చచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఈమె బతికున్నవాణ్నే కోర్టుకు లాగగలదు. యాభై ఏళ్ల లోటులో కొంతైనా పూడింది.

కొంతే. కోయంబత్తూరు నుంచి ఒక స్త్రీ మనోవర్తి కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడి కోర్టు ఆమెకు వేసిన మనోవర్తి నెలకు 500 రూపాయలు. దాని మీద 2010లో సుప్రీంకోర్టు ‘వివాహం వంటి సంబంధా’నికి నాలుగు కొలతలు పెట్టింది: లోకానికి ఆలుమగల్లా కనబడాలి, పెళ్లీడు రావాలి, పెళ్లాడేందుకు అడ్డు ఉండకూడదు, ఇష్టపడి చాలాకాలం కలిసి ఉండాలి. మూడోదే ఉరి. 2013 నాటి బెంగళూరు కేసులో ఒక స్త్రీ పెళ్లయిన మగవాడి కోసం ఉద్యోగం మానేసింది. బంధం పద్దెనిమిదేళ్లు నడిచింది. మేజిస్ట్రేటు నెలకు 18 వేలు ఇవ్వమన్నాడు. అతనికి భార్యాబిడ్డలున్నారని తెలిసే వచ్చింది కనుక ఆ డబ్బు రాదని సుప్రీంకోర్టు తేల్చింది. భార్యకు అన్యాయం జరగకూడదన్న ఆలోచన సబబే, కానీ రెండిళ్లనూ నడిపినవాడు మాత్రం పైసా కట్టకుండా బయటపడ్డాడు. ఇలాంటివాళ్ల కోసం చట్టం చేయండని పార్లమెంటును అదే తీర్పు కోరింది.

పార్లమెంటు ఇంకా ఆ పని చేయలేదు. కొంత చేసింది ఉత్తరాఖండ్. 2024లో ఆమోదించి 2025 జనవరి 27 నుంచి అమలు చేసిన ఉమ్మడి పౌరస్మృతిలో, పెళ్లి లేకుండా కలిసి ఉండి విడిచిపెట్టబడ్డ స్త్రీకి మనోవర్తి అడిగే హక్కు, పిల్లలకు ఔరస సంతానమన్న గుర్తింపు ఇచ్చింది. దానికి బదులుగా ఆ సహజీవనాన్ని నెలలోపు సర్కారు దగ్గర నమోదు చేసుకోవాలంది. లేకపోతే మూడు నెలల దాకా జైలు. పడగ్గది గుట్టు అధికారి ముందు విప్పితేనే రక్షణ అనడం పెద్ద వెలే. అంత వెల కట్టించుకునే ఆ చట్టం కూడా, ఇద్దరిలో ఒకరికి అప్పటికే పెళ్లయి ఉంటే ఆ జంటను నమోదు చేయదు.