దుగరాజపట్నం: సుంకం రాత మార్చిన రేవు

దుగరాజపట్నం నెల్లూరు సీమ తీరంలో, వాకాడు మండలంలో ఉన్న సముద్రతీర గ్రామం. దుర్గరాజపట్నం అని కూడా రాస్తారు. 1626 నుంచి 1640 దాకా ఇది ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీకి వర్తక స్థావరం. కంపెనీ దస్తావేజుల్లో దీని పేరు ఆర్మగాన్. స్థలం ఇప్పించడంలో సాయపడిన స్థానికుడు ఆర్ముగం మొదలియారు పేరు మీదుగా అలా పిలిచారని చెబుతారు. మద్రాసు పుట్టక ముందు కోరమాండల్ తీరంలో ఇంగ్లిషువారు కోట కట్టుకుని ఫిరంగులు పెట్టుకున్న చోటు ఇదే. ఇంత చరిత్ర ఉన్నా మన పాఠ్యపుస్తకాల్లో దీనికి దక్కేది మహా అయితే ఒక వాక్యం. మద్రాసు కథకు ముందుమాటగా తప్ప దీన్ని తలుచుకునేవారు అరుదు.

ఉనికి

కృష్ణపట్నానికి దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, పులికాట్ పట్టణానికి ఉత్తరంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఈ ఊరు ఉంది. దక్షిణాన శ్రీహరికోట దీవి, పులికాట్ సరస్సు. పడమటి పక్కగా బకింగ్‌హాం కాలువ. స్వర్ణముఖి నది వాకాడు మీదుగా వచ్చి ఈ ప్రాంతంలోనే సముద్రంలో కలుస్తుంది. తీరమంతా ఇసుక నేల, సరుగుడు తోటలు, లోపలికి వెళితే రొయ్యల చెరువులు. వెళ్లదలచినవారు గూడూరులోగానీ నాయుడుపేటలోగానీ రైలు దిగి, రోడ్డు మార్గాన వాకాడు చేరుకోవచ్చు.

తీరానికి ఎదురుగా సముద్రంలో పొడవైన ఇసుకమేట ఒకటి ఉంది. నావికా పటాల్లో దాన్ని ఆర్మగాన్ షోల్ అంటారు. మేటకూ ఒడ్డుకూ మధ్య ఉన్న లోతు నీటికి బ్లాక్‌వుడ్స్ హార్బర్ అని పేరు పెట్టారు. బయటి అలల జోరును మేట కొంత ఆపుతుంది కాబట్టి లంగరు వేసిన ఓడకు అక్కడ కాస్త రక్షణ దొరికేది. సహజమైన ఆశ్రయం దాదాపుగా లేని ఈ తీరంలో అది చిన్న విషయం కాదు.

మలయా దీవుల కోసం నేసిన గుడ్డ

లండన్ వర్తకులు ఇక్కడికి వచ్చింది మిరియాల కోసం. మిరియాలు పండేది జావా, సుమత్రాల్లో. లవంగాలు, జాజికాయ ఇంకా తూర్పున ఉన్న దీవుల్లో. అక్కడివారికి ఇంగ్లండు ఉన్నిబట్ట అక్కర లేదు. వాళ్లు కోరింది కోరమాండల్ నూలు గుడ్డ: చిరివేరుతో ఎరుపెక్కించిన అద్దకం బట్ట, కలంతో బొమ్మలు గీసిన కలంకారీ, నీలిమందులో ముంచిన తాను. అందుకే దక్షిణ కోస్తా నేతగాడి మగ్గం దగ్గర వెండి ఇచ్చి బట్ట కొనేవారు. ఆ బట్టను ఓడలో జావాలోని బాంటమ్‌కు పంపి మిరియాలు తెచ్చుకునేవారు. బాంటమ్‌లో ఇంగ్లిషువారి కొఠీ 1603లో, మచిలీపట్నంలో 1611లో వెలిశాయి. ఈ తీరపు కొఠీలు చాలాకాలం బాంటమ్ అజమాయిషీలోనే నడిచాయి. నెల్లూరు తీరంలోని గుమాస్తాకు హుకుం రావలసింది జావా నుంచి!

ఈ దారి ఇంగ్లిషువారు వేసింది కాదు. 16వ శతాబ్దం ఆరంభంలో మలక్కాలో ఉన్న పోర్చుగీసువాడు తోమే పిరెస్ అక్కడి సుంకాల పద్ధతిని రాసి పెట్టాడు. పడమటి దేశాల నుంచి, అంటే మన తీరం నుంచీ గుజరాతు, అరేబియాల నుంచీ, వచ్చే సరుకు మీద నూటికి 6 వంతులు. చైనా, జావా వంటి తూర్పు దేశాల వర్తకులకు సుంకం లేదు, కానుకలు చెల్లిస్తే చాలు. పులికాట్ నుంచి బట్ట తీసుకెళ్లే వర్తకులు ఆ లెక్కలు చూసుకునే ఓడ ఎక్కేవారు.

డచ్చివారు పులికాట్‌లో స్థిరపడి 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. వాళ్లతో కలిసి అక్కడ వర్తకం చేయాలని 1621లో ఇంగ్లిషువారు చేసిన ప్రయత్నం ఎక్కువకాలం నిలవలేదు. మచిలీపట్నంలో గోల్కొండ అధికారుల ఒత్తిడి సరేసరి. అప్పుడు దొరికిన చోటే ఆర్మగాన్. 12 ఫిరంగులు, రెండు డజన్లకు ఒకరు తక్కువగా కంపెనీ మనుషులు. అంతే బలగం. 1628లో మచిలీపట్నం అధికారుల వేధింపు తట్టుకోలేక అక్కడి ఇంగ్లిషు ఉద్యోగులు పడవెక్కి ఇక్కడికే పారిపోయి వచ్చారు.

రేవును నిలిపేది, కూల్చేది

ఆర్మగాన్ వైభవం ఆ తర్వాత నాలుగేళ్లలోనే తగ్గుముఖం పట్టింది. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లిషువారికి బంగారు ఫర్మానా ఇచ్చాడు. ఏడాదికి 500 వరహాల సుంకం కట్టి తన రేవుల్లో స్వేచ్ఛగా వర్తకం చేసుకోవచ్చన్నాడు. కట్టాల్సింది ఎంతో తేలగానే వర్తకులు మచిలీపట్నానికి తిరిగి వెళ్లారు.

సుంకం ఎంతో ముందే తేలితే వర్తకులు వస్తారన్న ఈ సూత్రం తెలుగు తీరానికి అప్పటికే పాతది. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం దీనికి మేటి సాక్ష్యం. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారనీ, ధనం ప్రాణం కంటే మిన్న అనుకుని సముద్రానికి తెగించినవారి దగ్గర తాను నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోననీ అందులో చెప్పాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పయ్యింట ఒక వంతు. కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టు, పగడం, మిరియాలు అంటూ సరుకుల పట్టిక కూడా చెక్కించాడు. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే రేవులో మళ్లీ శాసనం వేయించి వర్తకులకు మరిన్ని రాయితీలు ప్రకటించాడు. సుంకం ఎంత తక్కువన్నది ఒక ఎత్తయితే, అది ముందే తెలిసి ఉండటం, రేపు మారదన్న భరోసా ఉండటం మరొక ఎత్తు. గణపతిదేవుడు రెండోదాన్ని రాతి మీద చెక్కించాడు. అతని పాలనాదక్షతకు ఆలయాల కంటే ఈ శాసనమే గట్టి రుజువు.

ఆర్మగాన్‌కు అలాంటి భరోసా దొరకలేదు. పెట్టుబడి సొమ్ము సమయానికి వచ్చేది కాదు, స్థానిక నాయకులతో పేచీలు తెగేవి కావు, కోట మరమ్మతులకు నోచుకోలేదు. ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణానికి వెళ్లి మద్రాసపట్నం చూశాడు. అక్కడ బట్ట మిగతా చోట్ల కంటే నూటికి 20 వంతులు చౌక అని రాశాడు. దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇచ్చిన ఒప్పందపత్రం అంతకంటే ఆకర్షణీయమైనది: కంపెనీ సరుకుకు సుంకం మాఫీ, ఇతరుల సరుకుపై వచ్చే సుంకంలో సగం కంపెనీకి. విజయనగర రాజ్యం అప్పటికి చంద్రగిరి నుంచి నడుస్తోంది. దామెర్లవారు ఆ రాజ్యపు తెలుగు నాయకులు. వెంకటాద్రి తండ్రి చెన్నప్ప పేరుతోనే చెన్నపట్నం వెలసింది.

1640 ఫిబ్రవరిలో డే, మచిలీపట్నం అధికారి ఆండ్రూ కోగన్ కలిసి సామగ్రితో మద్రాసు తీరాన దిగారు. ఆర్మగాన్ ఖాళీ అయింది. కొత్త ఊళ్లో కాపురం పెట్టేవారికి తినే, తాగే, కట్టుకునే వస్తువులపై 30 ఏళ్లపాటు సుంకం ఉండదని చాటించారు. నేతగాళ్లు, అద్దకంవాళ్లు, వర్తకులు తరలివచ్చారు. వారిలో తెలుగువారు చాలామంది.

రేవుగా చూస్తే మద్రాసు ఆర్మగాన్ కంటే ఏ విధంగానూ మెరుగు కాదు. ఓడలు బయలు సముద్రంలో లంగరు వేసేవి. కొబ్బరి తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో సరుకు ఎత్తి, విరిగిపడే అలల మధ్య నుంచి ఒడ్డుకు చేర్చాలి. దాదాపు రెండున్నర శతాబ్దాలు అలాగే గడిచింది. 19వ శతాబ్దంలో కట్టిన రేవు గోడలను కూడా 1881 తుఫాను దెబ్బతీసింది. ప్రకృతి ఇచ్చిన ఆశ్రయాన్ని వదులుకుని బయలు తీరాన్ని ఎంచుకున్నారంటే సుంకం మినహాయింపు, బట్ట చౌక ఎంత బరువైనవో అర్థమవుతుంది.

అదే ఎత్తు, ఆవలి ఒడ్డున

తర్వాత కంపెనీ ఈ పాఠాన్ని మలయా దీవుల్లో ప్రయోగించింది. 1786లో ఫ్రాన్సిస్ లైట్ పెనాంగ్ దీవిలో జార్జ్‌టౌన్‌ను సుంకం లేని రేవుగా ఆరంభించాడు. మధ్యలో కొంతకాలం పన్నులు వేసినా, ఆ హోదా 1969 వరకు నిలిచింది. 1819లో సింగపూర్ అదే బాట పట్టింది. మలయా తోటల్లో పనికి వెళ్లిన తెలుగువారికి చాలామందికి ఆ దేశంలో మొదట కనబడిన ఊరు పెనాంగే. 1926లో కట్టిన రజూలా ఓడ మద్రాసు, నాగపట్నం నుంచి పెనాంగ్, సింగపూర్‌లకు దశాబ్దాల తరబడి జనాన్ని చేరవేసింది. పెనాంగ్‌కు ఉత్తరాన ఉన్న లంకావి దీవిని మలేసియా ప్రభుత్వం 1987లో సుంకరహిత ప్రాంతం చేసింది. దాని రేవు పట్టణం క్వాలో ఇప్పుడు చాక్లెట్లు, వంటపాత్రలు, అత్తర్లు, మద్యం అమ్మే దుకాణాలు బారులు తీరి ఉంటాయి. అక్కడ కొన్న సరుకును ప్రధాన భూభాగానికి సుంకం లేకుండా తీసుకుపోవాలంటే దీవిలో నిర్ణీత సమయం ఉండాలి, పరిమితి దాటకూడదు. 17వ శతాబ్దపు రాయితీ వర్తకుడి కోసం పుట్టింది, లంకావి రాయితీ పర్యాటకుడి కోసం.

నేటి దుగరాజపట్నం

ఈ రోజుల్లో సుంకం కేంద్ర ప్రభుత్వానిది, దేశమంతటా ఒకటే. రేవుల పోటీ లోతు మీద, రైలుమార్గం మీద, వెనకున్న పరిశ్రమల మీద నడుస్తుంది. 2008లో మొదలైన కృష్ణపట్నం ఆ పోటీలో నెల్లూరు తీరాన్ని ముందుకు తెచ్చింది. దుగరాజపట్నానికి కూడా ఒక అవకాశం వచ్చింది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 13వ షెడ్యూలులో ఇక్కడ పెద్ద రేవు కట్టాలనీ, తొలి దశ 2018 నాటికి ముగించాలనీ రాశారు. ఒక పక్క శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం, మరో పక్క రాజహంసలు దిగే పులికాట్ పక్షుల అభయారణ్యం ఉండటంతో అభ్యంతరాలు లేచి పని ఆగిపోయింది. రాష్ట్రం చూపు ఉత్తరాన ఉన్న రామాయపట్నం వైపు మళ్లి, 2022లో అక్కడ పనులు మొదలయ్యాయి. దుగరాజపట్నంలో నౌకా నిర్మాణ కేంద్రం పెట్టాలన్న ప్రతిపాదన ఇటీవల ముందుకు వచ్చింది. అది కార్యరూపం దాల్చితే, తవ్వకాలకు ముందే కంపెనీ కోట ఆనవాళ్లను పురావస్తు శాఖ చేత శాస్త్రీయంగా సర్వే చేయించడం అవసరం.