నేలను కొలిచారు, నీటిని మరిచారు

కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవాలయం దగ్గర రెండు రాతి పలకల మీద ఒక సంస్కృత శాసనం ఉంది. 1369 నాటిది. ఒకటో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి ఏలుతూ అక్కడ కట్టించిన పెద్దచెరువు కథ అది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. ఈ లెక్కల కంటే విలువైన భాగం ఇంకొకటుంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను శాసనం వరుసగా చెబుతుంది.

అడుగున నేల గట్టిదా? ఏరు ఎంత దూరం నుంచి వస్తుంది? కట్టకు రెండువైపులా కొండ ఆనుతుందా? రాయి దగ్గర్లో దొరుకుతుందా? కింద పొలం చదునుగా ఉందా? దోషాల్లో చౌడు నేల ఉంది, ఊట కారే కట్ట ఉంది, నీరు కొంచెమై ఆయకట్టు ఎక్కువ కావడమూ ఉంది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టడం కూడా దోషమే. ఒకే చోటుకు సంబంధించిన ఇన్ని సంగతులను ఒకదానిమీద ఒకటి పరిచి చూసి, అన్నీ కుదిరిన చోటే కట్ట వేయమన్నారు పెద్దలు. 1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ కంప్యూటర్‌కు అప్పగించిన పని సరిగ్గా ఇదే. నేల, నీరు, అడవి, ఊరు ఒక్కోటి ఒక్కో పొరగా పటంలో పేర్చి ప్రశ్నలు వేయడం. దానికే జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) అని పేరు పెట్టారు. ఆ పటం ఇప్పుడు వెబ్‌లోకి, అక్కడినుంచి సెల్లులోకి వచ్చింది.

కానీ పోరుమామిళ్ల నుంచి సెల్లు దాకా దారి తిన్నగా సాగలేదు.

1800లో నిజాం కడప, కర్నూలు ఉన్న ఈ సీమను ఇంగ్లీషువారికి ధారాదత్తం చేశాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో పైమాషీ, అంటే భూముల కొలత, మొదలుపెట్టాడు. అప్పటికి కొలత తెలిసినవారు అతని కచేరీలో నలుగురు గుమాస్తాలే. రెండేళ్లలో వారి సంఖ్య వందకు చేరింది. వారి చేతిలో ఉన్నది 33 అడుగుల గొలుసు. ఆ గొలుసు చదరం ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. 1807 నాటికి కొండా బండా తప్ప దాదాపు నేలంతా కొలతకెక్కింది. కర్నూలు నవాబు ఏలుబడిలోని భాగం మాత్రం 1839లో కంపెనీ ఆక్రమించుకున్నాకే ఆ లెక్కల్లోకి వచ్చింది. మన్రో రైతు పక్షాన మాట్లాడిన అధికారి, సందేహం లేదు. అయినా ఆ కొలత శిస్తు కోసం జరిగింది. ఏ మడికి ఎంత శిస్తు అన్నది తేలింది గానీ, ఏ మడి కింద ఎంత నీరుందో అడిగినవారు లేరు.

నేల లోపలి పటం 1872లో వచ్చింది. భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఆ జిల్లాల పేర్లే భూగర్భ శాస్త్రంలో రాతి సముదాయాల పేర్లయ్యాయి. ఎక్కడ సున్నపురాయి, ఎక్కడ పలకరాయి, ఎక్కడ గట్టి బండ అన్నది ఆ పటం చూపిస్తుంది. బోరులో నీరు పడుతుందా లేదా అన్నది చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల ఇది. అప్పు చేసి బోరు వేసే రైతుకు ఆ పటం వందేళ్లకు పైగా అందలేదు. టెంకాయ చేతిలో నిలబడే చోటు చూపించే మనిషే దిక్కయ్యాడు.

ఈ కథలో నాకు అన్నిటికంటే పెద్ద మలుపు ఉపగ్రహం కాదు. 2003 తర్వాత కర్నూలు, కడప సహా ఏడు కరువు జిల్లాల్లో, 638 ఆవాసాల్లో రైతులు తమ బోర్లను తామే కొలవడం. ఆంధ్రప్రదేశ్ రైతు యాజమాన్య భూగర్భజల పథకం అది. నెదర్లాండ్స్ ధనసహాయం, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటు ఉన్నాయి. చాగలమర్రి మండలం ముత్యాలపాడు కేంద్రంగా పనిచేసిన బర్డ్స్ సంస్థ ముందు నిలిచింది.

పద్ధతి సులువైనది. ఊళ్లో వర్షమాపకం. పదిహేను రోజులకోసారి పరిశీలన బావిలోకి టేపు వదలడం, అది నీటిని తాకి కూత పెట్టగానే లోతు రాసుకోవడం. మోటారు వేసి డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడటం. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి రెండు వేలకు పైగా బావులను ఇలా కొలిచారు. లెక్క ఊరి గోడ మీదకెక్కింది. వానాకాలం ముగిశాక వాగు పరీవాహకంలోని ఊళ్లన్నీ ఒకచోట కూర్చునేవి. ఎంత ఇంకింది, ఎంత తోడాం, రబీకి ఎంత మిగిలింది, ఎవరు ఏ పంట వేయాలనుకుంటున్నారు, దానికి ఎంత కావాలి? లోటు కనబడితే వరి తగ్గించాలా, శనగకో వేరుశనగకో మళ్లాలా అన్నది ఎవరి నిర్ణయం వారిదే. పంట మార్చినందుకు సబ్సిడీ లేదు, మార్చకపోతే జరిమానా లేదు. ప్రపంచ బ్యాంకు 2010లో మన దేశ భూగర్భజలాల మీద తెచ్చిన నివేదిక ఈ పనిని ప్రత్యేకంగా ఎత్తిచూపింది.

ఆ ప్రాజెక్టు ముగిసింది. పటాలు మాత్రం పెరిగాయి. 2009లో ఇస్రో భువన్ పోర్టల్ తెరిచింది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 1999 నుంచి తయారుచేసిన భూగర్భజల పటాలు కూడా అందులో చేరాయి. 2015లో మీ భూమి పోర్టల్ వచ్చాక అడంగల్, వన్-బీ, పొలం కొలతల పటం ఇంట్లోనే చూసుకునే వీలు కలిగింది. కరణం దస్త్రాల కోసం తరాల తరబడి కచేరీ గడప కాచిన కుటుంబాలకు ఇది చిన్న సంగతి కాదు. ఉపాధి హామీలో తవ్విన నీటి కుంటకు అక్షాంశ రేఖాంశాలతో ఫొటో తీస్తారు. ఈ-పంటలో చేనులోనే నిలబడి పంట నమోదు చేస్తారు. ఫోను జీపీఎస్‌కు నాలుగైదు మీటర్ల తేడా మామూలే, గట్టు దగ్గర నిలబడితే పక్కవాడి సర్వే నంబరు చూపించవచ్చు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే డ్రోన్లతో, స్థిర కేంద్రాల సంకేతాలతో సెంటీమీటర్ల లెక్కకు దిగింది అందుకే.

ఇవన్నీ ఊరి నుంచి పైకి పోయే లెక్కలు. చేను ఫొటో వెళ్తుంది, కుంట ఫొటో వెళ్తుంది. తిరిగి ఊరికి రావాల్సింది ఒకటుంది. వాన లెక్క ఉంది, బోర్ల మట్టం కొలిచే పరికరాలు ఉన్నాయి, రాతి పటం ఉంది, ఏ చేలో ఏ పంట ఉందో ఈ-పంటకు తెలుసు. ఈ నాలుగు పొరలను కలిపి, మండలాల వారీగా కాకుండా వాగుల వారీగా, రబీ విత్తనం పడకముందే రైతు ఫోనుకు పంపాలి. భూమి అడుగు నీటికి కర్నూలు, నంద్యాల అని తెలియదు. 2022లో జిల్లాలు విడిపోయినా కుందూ నది పరీవాహకం ఒక్కటే. ఆ లెక్క ముందు పెట్టుకుని అక్టోబరులో ఊళ్లు మళ్లీ కూర్చోవాలి. టేపు పట్టి బావి కొలిచిన రైతుల్లో చాలామంది ఇంకా సేద్యంలోనే ఉన్నారు. ఆ పని కొత్తవారికి నేర్పించడానికి వారినే పిలవవచ్చు.