పొలంలో నల్లరాయి దొరికిందా? ఉల్కో, చిట్టెమో తేల్చుకోవడం ఎలా? ఎవరికి చెప్పాలి?

దివిసీమలో రొయ్యల చెరువు తవ్వుతుంటే పొక్లెయిన్ బకెట్‌లో బరువైన నల్లరాయి ఒకటి వచ్చిందనుకుందాం. గంటలో ఫొటో వాట్సాప్ గ్రూపులకు ఎక్కుతుంది. సాయంత్రానికి అది ‘ఉల్క’ అయిపోతుంది. మర్నాటికి లక్షల్లో కొంటామంటూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఈలోపు రాయిని ఒకరు కడుగుతారు, ఒకరు సుత్తితో కొట్టి చూస్తారు, ఇంకొకరు పసుపు కుంకుమ పెడతారు. అది నిజంగా ఆకాశం నుంచి పడిందే అయితే, శాస్త్రవేత్తలకు పనికొచ్చే సమాచారంలో చాలా భాగం ఆ ఒక్క రోజులోనే పోతుంది. కాకపోతే పోయేది మీ డబ్బు.

అందుకే ఇలాంటి రాయి దొరికినప్పుడు ఏం చేయాలో, అది ఎవరిదవుతుందో, సరదాగా రాళ్లు, ఖనిజాలు సేకరించేవాళ్లకు ఏయే హద్దులున్నాయో చూద్దాం.

ముందు ఒక్క ప్రశ్న: దీన్ని ఇక్కడికి ఎవరు తెచ్చారు?

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ మొత్తం కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు నేల. ఇక్కడ రాయి పుట్టదు. బావి తవ్వినా, చెరువు తవ్వినా వచ్చేది బంకమట్టి, ఇసుక, గవ్వలే. కొండ చూడాలంటే బెజవాడ దాకా వెళ్లాలి. ఘంటసాలలో బయటపడ్డ బౌద్ధ శిల్పాల రాయి కూడా బయటి నుంచి వచ్చిందే.

కాబట్టి డెల్టాలో ఏ రాయి కనిపించినా అది పరాయిదే. ఎవరో తెచ్చి ఉండాలి. రైలు పట్టాల కింది కంకర, కరకట్టలకు, వంతెనలకు తోలిన బండలు, రోడ్డు మెటల్, పాత తిరగలి ముక్కలు... తొంభై తొమ్మిది సార్లు సమాధానం ఇక్కడే దొరుకుతుంది. రాళ్లే లేని నేల కావడం ఒక రకంగా మంచిదే. బండల మధ్య ఉల్కాశిలను గుర్తుపట్టడం కష్టం, మాగాణిలో కొత్తగా కనిపించిన రాయి మీద అందరి కళ్లూ పడతాయి.

ఉల్క అనుకుని మోసపోయేది వేటిని చూసి?

మొదటిది ఇనుప చిట్టెం. కొలిమిలో, ఫౌండ్రీలో ఇనుము కరిగించినప్పుడు మిగిలే మడ్డి ఇది. నల్లగా, బరువుగా ఉంటుంది, ఒక్కోసారి అయస్కాంతానికి అంటుకుంటుంది. చూడగానే ఉల్కే అనిపిస్తుంది. పగలగొడితే లోపల గాలి బుడగల గుంతలు కనిపిస్తాయి. ఉల్కాశిలల్లో ఇలాంటి బుడగలు దాదాపు ఉండవు. రైస్‌మిల్లు బాయిలర్లలో గడ్డకట్టే బూడిద, ఆవిరి ఇంజన్ల కాలంలో పట్టాల పక్కన పోసిన కాలిన బొగ్గు గడ్డలు కూడా ఈ కోవవే. గుడివాడ లాంటి మిల్లుల ఊళ్లో వీటికి కొదవ ఉండదు.

రెండోది బసాల్ట్. అంటే లావా చల్లారి ఏర్పడిన నల్లరాయి. ఇది నిజంగానే అగ్నిపర్వత శిల, కానీ ఆకాశానికీ దీనికీ సంబంధం లేదు. మూడోది మాగ్నెటైట్, హెమటైట్ వంటి ఇనుప ఖనిజాల ముక్కలు.

నాలుగోది మాత్రం జాగ్రత్త పడాల్సింది. లోహపు గోళం, సిలిండర్, కాలిన రేకు వంటివి తీరానికి కొట్టుకొచ్చినా, పొలంలో పడినా దగ్గరకు వెళ్లకండి. అవి రాకెట్ శకలాలు కావచ్చు, పేలుడు పదార్థమూ కావచ్చు. నాగాయలంక మండలం గుల్లలమోద డీఆర్‌డీఓ క్షిపణి పరీక్ష కేంద్రానికి ఎంపికైన ప్రాంతం కూడా. 112కు ఫోన్ చేసి పోలీసులకు చెప్పడమే పద్ధతి.

ఇంట్లోనే ఎలా పరిశీలించాలి?

ఆకాశంలో మెరిసి మాయమయ్యేది ఉల్క. మండిపోగా మిగిలి నేలకు చేరిన రాయి ఉల్కాశిల. కిందికి దూసుకొచ్చేటప్పుడు పైపొర కరిగి, పలచటి నల్లటి తొడుగులా గట్టిపడుతుంది. చిప్ప ఎగిరిన చోట ఉంటే చూడండి: బయట మసి నలుపు, లోపల లేత బూడిద రంగు, అక్కడక్కడ మెరిసే లోహపు చుక్కలు. ఇది మంచి గుర్తు. కొన్నింటి మీద మెత్తటి పిండిని బొటనవేలితో నొక్కినట్టు సొట్టలుంటాయి. అదే సైజు కంకర రాయి కంటే చేతిలో బరువుగా తోస్తుంది.

ఉల్కాశిల అంటే ఇనుప ముద్ద అని చాలామంది అనుకుంటారు. చూస్తుండగా పడినవాటిలో ఇనుపవి వందకు ఐదారే, మిగతావి దాదాపు అన్నీ రాతివే. మన రాష్ట్రంలో నమోదైనవే తీసుకుంటే 1852లో నెల్లూరు దగ్గర, 1934లో తిరుపతిలో పడినవి రాతివి. 1870లో ఉత్తరాంధ్రలో పడి ‘నెడగొల్ల’ పేరుతో నమోదైంది ఇనుపది.

ఇక గీత పరీక్ష. పింగాణీ కప్పు అడుగున మెరుపు లేని గరుకు వలయం ఉంటుంది కదా, రాయి అంచును దాని మీద గీయండి. ఎర్రటి గీత పడితే హెమటైట్, ముదురు నలుపు గీత పడితే మాగ్నెటైట్ అనుకోవచ్చు. ఉల్కాశిల సాధారణంగా గీతే పడనివ్వదు.

అయస్కాంతం పెట్టి చూడమని యూట్యూబ్‌లో ప్రతివాళ్లూ చెబుతారు. దయచేసి అది మాత్రం చేయకండి. కొన్ని ఉల్కాశిలల్లో సౌర కుటుంబం పుట్టిన నాటి అయస్కాంత ముద్ర మిగిలి ఉంటుంది. స్పీకర్లోంచి తీసిన బలమైన అయస్కాంతం ఒక్కసారి తగిలినా అది చెరిగిపోతుంది. నీళ్లలో ముంచి సాంద్రత కొలవడం కూడా వద్దు.

నిజంగా అనుమానం ఉంటే మొదటి రోజు ఏం చేయాలి?

రాయిని కదపకముందే ఫొటోలు తీయండి. పక్కన స్కేలు గానీ, రూపాయి బిళ్ల గానీ పెట్టండి. గుంత పడితే దాన్ని విడిగా తీయండి. ఫోన్ మ్యాప్‌లో ఆ చోటును సేవ్ చేసుకోండి. నీళ్లు పెట్టిన వరి చేలో గుంత రెండు మూడు గంటల్లోనే పూడిపోతుంది, తర్వాత ఎక్కడ పడిందో చూపించడానికి ఆనవాలు ఉండదు. శబ్దం విన్నారా, వెలుగు చూశారా, ఏ దిక్కు నుంచి, ఎన్ని గంటలకు? రాసిపెట్టుకోండి.

కొత్తగా పడిన రాయి ఎర్రగా కాలుతూ ఉంటుందన్నది సినిమా లెక్క. చాలావరకు గోరువెచ్చగానో, చల్లగానో ఉంటుంది. చేతి చెమట తగలకుండా శుభ్రమైన పాలిథీన్ కవర్‌తో పట్టుకుని, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు అందులో వేయండి. బందరు ఉప్పు గాలికి కిటికీ ఊచలే తుప్పు పడతాయి, ఇక ఉల్కాశిలలోని ఇనుము ఎంత? కడగడం, నూనె రాయడం, పగలగొట్టడం వద్దు.

ఆలస్యమూ పనికిరాదు. అంతరిక్షంలో ఉన్నప్పుడు కాస్మిక్ కిరణాల వల్ల రాయిలో కొన్ని రేడియోధార్మిక పరమాణువులు ఏర్పడతాయి. వాటిలో కొన్ని రోజుల్లో, వారాల్లో తరిగిపోతాయి. రాయి ప్రయోగశాలకు ఎంత త్వరగా చేరితే అంత ఎక్కువ తెలుస్తుంది.

ఎవరికి చెప్పాలి?

దేశంలో పడే ఉల్కాశిలలకు జాతీయ సంరక్షక సంస్థ జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, అంటే జీఎస్‌ఐ. 1851లో ఏర్పడింది, ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో ఉంది. మనకు దగ్గరిది హైదరాబాద్ బండ్లగూడలోని దక్షిణ ప్రాంత కార్యాలయం. ఫొటోలు, లొకేషన్, తేదీ, సమయంతో మెయిల్ పంపండి, రాయిని కొరియర్ చేయకండి. మెయిల్ చిరునామా సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లోంచే తీసుకోండి, ఫార్వర్డ్ మెసేజ్‌లో వచ్చినది వాడొద్దు.

దీంతోపాటు స్థానికంగానూ కాగితం మీద పెట్టాలి. గ్రామ సచివాలయంలో వీఆర్వోకు గానీ, తహశీల్దారుకు గానీ అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. మూడు ప్రాంతాలూ కృష్ణా జిల్లాలోనే ఉన్నాయి కాబట్టి మచిలీపట్నం కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వొచ్చు. ఇంటి కప్పు పగిలినా, ఎవరికైనా దెబ్బ తగిలినా ముందు పోలీస్ స్టేషన్‌కే వెళ్లండి.

ఇలా చెబితే ఫలితం ఉంటుందా అంటే, ఉంది. 2017 జూన్‌లో జైపూర్ దగ్గర ముకుంద్‌పురాలో పొలంలో పడిన రాయి జీఎస్‌ఐకి చేరింది, అరుదైన కార్బన్ రకమని తేలింది. 2022 ఆగస్టులో గుజరాత్‌లోని దియోదర్ ప్రాంతంలో ఒక ముక్క వేపచెట్టు కొమ్మను తాకి పడింది. ఊరివాళ్లు ఏరి దాచిన ముక్కలను అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ పరీక్షిస్తే అది ఆబ్రైట్ అని తేలింది. మన దేశంలో అంతకుముందు ఆబ్రైట్ పడింది 1852లో.

నా పొలంలో పడింది కదా, నాది కాదా?

ఎక్కువ మంది అడిగేది ఇదే. అమెరికాలో ప్రైవేటు స్థలంలో పడితే సాధారణంగా స్థలం యజమానిదే. అక్కడి వీడియోలు చూసి ఇక్కడా అంతే అనుకుంటారు. మన దగ్గర ఉల్కాశిలను జీఎస్‌ఐకి అప్పగించాలి.

1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టాన్నీ గుర్తుంచుకోవాలి. ఇది ఉల్కాశిలల కోసం పేరుపెట్టి రాసిన చట్టం కాదు. నాణేలు, విగ్రహాలు దొరికినప్పుడే దీని పేరు వింటాం. కానీ అందులో ‘నిధి’ అంటే నేలలో దాగి ఉన్న, విలువ గల ఏ వస్తువైనా. 10 రూపాయలు మించిన విలువైనది దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. అర్జీ ఇచ్చి రసీదు దగ్గర పెట్టుకోమనడం ఇందుకే. చెరువు తవ్వకంలో రాయికి బదులు పాత శిల్పమో, నాణేల కుండో బయటపడినా దారి ఇదే.

ఉల్కాశిలలు, శిలాజాలు వంటివాటి కోసం కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లును ప్రజల అభిప్రాయానికి పెట్టింది. అనుమతి లేకుండా వాటిని పాడుచేస్తే 5 లక్షల రూపాయల దాకా జరిమానా అన్న ప్రతిపాదన అందులో ఉంది.

లక్షలిస్తామని ఫోన్ వస్తే?

బియ్యాన్ని లాగే రాగి చెంబు, ‘రైస్ పుల్లింగ్’ కథ తెలుగు రాష్ట్రాల్లో అందరూ విన్నదే. ఎన్ని అరెస్టులు జరిగినా ఆగని దందా అది. ఉల్క పేరుతో జరిగేదీ అచ్చం అలాగే ఉంటుంది. రాయికి కోట్లలో ధర ఉందంటారు. పరీక్షించే ‘సైంటిస్టు’ను తీసుకొస్తారు. టెస్టింగ్ ఫీజు, రేడియేషన్ సూటు ఖర్చు, అడ్వాన్సు అంటూ మీ దగ్గరే వసూలు చేస్తారు. జీఎస్‌ఐ గుర్తింపు ఉందని స్టాంపు వేసిన సర్టిఫికెట్ చూపినా నమ్మకండి, రాళ్లు కొనడానికి ప్రభుత్వ సంస్థలు బ్రోకర్లను పెట్టుకోవు. డబ్బు ఆన్‌లైన్‌లో పంపి మోసపోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి.

సరదాగా సేకరించాలనుకునే వాళ్లకు

పిల్లల ప్రాజెక్టుకో, సొంత ఆసక్తితోనో అగ్నిపర్వత శిలలు కావాలంటే డెల్టా దాటాలి. గుడివాడ నుంచి ఏలూరు మీదుగా కొవ్వూరు దారి పడితే పంగిడి, గౌరీపట్నం క్వారీలు వస్తాయి. మన రోడ్ల కింద పడే నల్ల కంకరను కొట్టేది ఇలాంటి చోట్లే. భూగర్భ శాస్త్రవేత్తలు రాజమండ్రి ట్రాప్స్ అనే ఆ లావా వయసు దాదాపు 6.6 కోట్ల ఏళ్లు. పశ్చిమ కనుమల వైపు పొంగిన లావా వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని, భూమి మీద ఇంత పొడవైన లావా ప్రవాహాలు ఇంకెక్కడా లేకపోవచ్చని 2008లో కొందరు పరిశోధకులు వాదించారు. రెండు లావా పొరల మధ్య సున్నపురాయి, అందులో గవ్వల శిలాజాలు ఉంటాయి. ఇదే లావా సముద్రం వైపు భూమి లోతుల్లోకి దిగిపోయింది, కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ బావులకు తగిలింది. ఆ లెక్కన డెల్టా వాసుల కాళ్ల కిందా అగ్నిపర్వత శిల ఉంది, మనకు అందనంత లోతులో.

క్వారీకి వెళ్లేటప్పుడు లీజుదారు అనుమతి ముందే తీసుకోండి. పేలుళ్ల సమయం అడగకుండా అడుగు పెట్టకండి. కొండపల్లి వైపు క్రోమైట్ వంటి ఖనిజాల కోసం వెళ్లేవాళ్లు అది రిజర్వు అటవీ ప్రాంతమో కాదో చూసుకోవాలి. అటవీ భూమిలో రాయి తీసినా నేరమే. దివిసీమ కొసన మడ అడవులున్న కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం నుంచి ఏమీ తేకూడదు.

మంగినపూడి తీరంలో నీళ్లపై తేలే రాయి దొరికితే అది ప్యూమిస్ కావచ్చు. బుడగలు నిండిన లావా నురగ అది. 1883లో క్రాకటోవా పేలినప్పుడు ఇలాంటి రాళ్లు హిందూ మహాసముద్రం మీద తేలుతూ ఆఫ్రికా తీరం దాకా వెళ్లాయి. అయితే తెల్లగా, తేలిగ్గా ఉండి గోరుతో గీకితే పొడి రాలేది రాయి కాదు, మనం సముద్రపు నురుగు అనే కటిల్‌ఫిష్ ఎముక.

తీరంలో నల్లగా చారలు కట్టే ఇసుకలో ఇల్మనైట్, మాగ్నెటైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలుంటాయి. సీసాల్లో నింపి ఆన్‌లైన్‌లో అమ్మే ఆలోచన మాత్రం వద్దు. దానితో కలిసి ఉండే మోనజైట్ అణు ఖనిజం. 2019 నుంచి తీర ఇసుక ఖనిజాల తవ్వకం ప్రభుత్వ సంస్థలకే పరిమితం.

ఏది సేకరించినా ఒక చిన్న కాగితం దాంతోపాటే ఉంచండి: ఎక్కడ, ఏ తేదీన, ఎవరి అనుమతితో తీశారు, పక్కన ఇంకేం రాళ్లున్నాయి. రాయి మీద తెల్ల పెయింటుతో చుక్క పెట్టి నంబరు వేసి, అదే నంబరు పుస్తకంలో రాసుకోవడం మ్యూజియంల పద్ధతి. ఉల్కాశిల అని అనుమానం ఉన్నదానికి మాత్రం పెయింటు వేయకండి, నంబరు డబ్బా మీద రాస్తే చాలు.