ఊరి బాట పట్టిన చదువు

మన ఆధునిక విశ్వవిద్యాలయాలు పుట్టిందే పరీక్షలు పెట్టడానికి. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో వెలసిన మూడూ లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో కాలేజీలను అనుబంధంగా చేర్చుకుని పట్టాలిచ్చే సంస్థలుగానే మొదలయ్యాయి. చదువుకునేవాడికీ చుట్టూ ఉన్న జనానికీ సంబంధమేమిటన్న ప్రశ్న వాటికి పట్టలేదు. నూరేళ్లకు పైగా ఆ ప్రశ్నకు వచ్చిన జవాబులు మారుతూనే ఉన్నాయి. ఒకసారి సేవ అన్నారు, ఒకసారి శ్రమ అన్నారు, మరోసారి ఊరి నుంచి నేర్చుకోవడం అన్నారు, ఇప్పుడు క్రెడిట్లు అంటున్నారు. పేరు ఏదైనా, పని నిలవడమూ నిలవకపోవడమూ ఒక్క విషయం మీదే ఆధారపడింది. వెళ్లినవాళ్లు అదే ఊరికి మళ్లీ వెళ్లారా?

మొదటి జవాబులు విశ్వవిద్యాలయాల వెలుపలే దొరికాయి. వందేమాతరం ఉద్యమం వేడి చల్లారకముందే, 1910లో బందరులో కోపల్లె హనుమంతరావు పూనికతో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు తోడు నిలిచిన ఆ కళాశాలలో పుస్తకంతో పాటు చేతిపనికీ చోటు దక్కింది. 1922లో శాంతినికేతన్ పక్కనున్న సురుల్‌లో రవీంద్రుడు గ్రామ పునర్నిర్మాణ కేంద్రం తెరిచి, దాన్ని లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అనే ఆంగ్లేయ యువకుడి చేతిలో పెట్టాడు. అదే శ్రీనికేతన్. చుట్టుపక్కల ఊళ్లలో మలేరియా నివారణ, సహకార సంఘాలు, మెరుగైన సేద్యం, నేత, పిల్లల వ్రతీబాలక దళాలు దాని పనులు. ఉపన్యాసమిచ్చి తిరిగొచ్చే పద్ధతి కాదది, అవే ఊళ్లతో ఏళ్ల తరబడి కలిసి నడిచే పద్ధతి.

ఇలా బయటికి వెళ్లడం సిలబస్‌లో భాగమైంది బొంబాయిలో. క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ 1926లో కార్మికవాడ నాగ్‌పాడాలో నైబర్‌హుడ్ హౌస్ నెలకొల్పాడు. ఆ అనుభవంలోంచే 1936లో సర్ దొరాబ్జీ టాటా పేరిట సోషల్ వర్క్ కళాశాల వచ్చింది. ఇప్పటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అదే. తరగతి గది ఎంతో ఫీల్డ్‌వర్క్ అంత అన్న పద్ధతి ఈ చదువుతోనే మన దేశంలో స్థిరపడింది. బస్తీలో చూసింది రాయాలి, రాసింది అధ్యాపకుడి ముందు పెట్టి చర్చించాలి, మళ్లీ అదే బస్తీకి వెళ్లాలి.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ ఆలోచన ఢిల్లీ ఫైళ్లలోకి చేరి ఇరవై ఏళ్లు నలిగింది. ఒకప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం, విద్యార్థులు స్వచ్ఛందంగా జాతీయ సేవ చేయాలంది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ కమిటీ ఇంకో అడుగు ముందుకేసి, కాలేజీలో చేరబోయే ప్రతివాడికీ తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా సేవ తప్పనిసరి చేయమంది. అంత ఖర్చు ఎవరు భరిస్తారు, అన్ని లక్షల మందిని ఎవరు నడిపిస్తారు? ప్రతిపాదన అక్కడే ఆగింది. తర్వాత 1964–66 కొఠారీ కమిషన్, సేవను చదువుకు ముందో తర్వాతో అతికించకుండా చదువుతో పాటే సాగనివ్వాలంది.

చివరికి గాంధీ శతజయంతి ఏట, 1969 సెప్టెంబరు 24న, కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. అదే మనం ఎన్.ఎస్.ఎస్. అనేది. 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మందితో మొదలై ఇప్పుడు 40 లక్షల దరిదాపులకు చేరింది. రెండేళ్లలో 240 గంటల పని, ఒక ప్రత్యేక శిబిరం. పొద్దున శ్రమదానం, మధ్యాహ్నం ఇంటింటి సర్వే, రాత్రి బడి ముందు సాంస్కృతిక కార్యక్రమం అంటే, ఆ శిబిరాల్లో పాల్గొన్న తెలుగువాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. 1970ల్లో ఏటా ఒక పిలుపు: కరువు మీద యువత, మురికీ రోగాల మీద యువత, అడవుల పెంపకానికి యువత.

ఎన్.ఎస్.ఎస్. ఇచ్చిందేమిటో తక్కువ చేసి చెప్పకూడదు. పట్నంలో పెరిగిన ఎందరికో పల్లెను మొదటిసారి చూపింది అదే. దాని బలహీనతా అక్కడే ఉంది. శిబిరం ఎత్తేశాక మొక్కకు నీళ్లెవరు పోయాలి? మట్టి పోసిన బాట మొదటి వానకు కొట్టుకుపోతే మళ్లీ ఎవరు వేయాలి? దత్తత గ్రామం అన్న మాట ఈ లోటు పూడ్చడానికే వచ్చింది. కానీ ప్రోగ్రామ్ ఆఫీసరు మారితే చాలాచోట్ల ఊరూ మారింది.

అసలైన మలుపు 1990 ప్రాంతంలో వచ్చింది. ఈసారి తిరగబడింది చూపు. అభివృద్ధి అధ్యయనాల్లో పేరున్న రాబర్ట్ ఛాంబర్స్ 1989 నుంచి 1991 దాకా హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉన్నాడు. గ్రామస్థులే తమ ఊరిని అంచనా వేసుకునే పద్ధతులు దక్షిణాది పల్లెల్లో రూపుదిద్దుకున్న కాలమది. ప్రశ్నావళి పక్కకు పోయి, ముగ్గుపిండితో, రంగులతో, గింజలతో ఊరి పటం నేలమీద పరుచుకుంది. ఏ బావి ఎప్పుడు ఎండుతుందో, ఏ వాడకు నీళ్లు అందవో గీసేది ఊరివాళ్లు. చదువుకున్నవాడి పని చూడటం, అడగడం, నోరు అదుపులో పెట్టుకోవడం.

అదే సమయంలో అక్షరాస్యతా ఉద్యమం మరో పాఠం చెప్పింది. 1990లో ఎర్నాకుళం దారి చూపాక నెల్లూరు జిల్లా అందుకుంది. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు దూబగుంటలో సారా దుకాణం మీదికి వెళ్లారు. 1992 నాటికి అది రాష్ట్రమంతా పాకిన ఉద్యమం. చదువు చెప్పడానికి వెళ్లినవాళ్ల లెక్కలో అది లేదు. ఊరు తనకు కావలసింది తానే తేల్చుకుంది.

వృత్తివిద్య ఈ పాఠాన్ని కొంత ఒంటబట్టించుకుంది. 1992 నాటి రంధావా కమిటీ సిఫారసు తర్వాత వ్యవసాయ పట్టా చదువులో గ్రామీణ అనుభవం తప్పనిసరి భాగమైంది. అందుకోసం ఊళ్లకు వచ్చేవాళ్లనే మన రైతులు రావెప్ విద్యార్థులంటారు. పరీక్షలో తెగుళ్ల పేర్లు గడగడా రాసినవాడు పొలం గట్టు మీద రైతు అడిగే ఖర్చు లెక్కకు తడబడతాడు. ఆ తడబాటే చదువు. వైద్యవిద్యలో 2022 నుంచి ఎం.బి.బి.ఎస్. విద్యార్థి మొదటి ఏడు నుంచే కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, అవే గడపలకు ఏటేటా వెళ్లాలి. శ్రీనికేతన్ నాటి సూత్రం ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది.

ఇక ఇప్పటిది క్రెడిట్ల కాలం. 2014లో ఉన్నత్ భారత్ అభియాన్ అనే కేంద్ర పథకం ఉన్నత విద్యాసంస్థలను పల్లెలతో జత చేసింది. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత సమాజంతో కలిసి పనిచేయడం డిగ్రీ లెక్కలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి డిగ్రీ మొదటి ఏడాది చివర 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టి నాలుగు క్రెడిట్లు ఇచ్చింది. దేశ్‌ముఖ్ కమిటీ కలగన్న తప్పనిసరి సేవ, అరవై ఏళ్లకు మార్కుల దారిన తిరిగొచ్చింది.

తప్పనిసరి చేయడంలో తప్పులేదు. స్వచ్ఛందమే మేలనుకుంటే ఎన్నటికీ వెళ్లనివాళ్లు వెళ్లనే వెళ్లరు. చిక్కల్లా మూల్యాంకనంతోనే. అది లాగ్‌బుక్, నివేదిక, వైవాల చుట్టూ తిరుగుతుంది. ఈ మూడింటినీ గదిలో కూర్చుని పూర్తి చేయవచ్చు. నిరుటి నివేదికలో ఊరి పేరు మార్చినా సరిపోతుంది. అలాంటప్పుడు సర్వేకు జవాబులిచ్చి విసిగిన గృహిణికి దక్కేది మరుసటేడు ఇంకో సర్వే.

దీనికి కొత్త పథకం అక్కర్లేదు. ప్రతి కళాశాలా కనీసం పదేళ్లకు తన ఊళ్లను ఖరారు చేసుకోవాలి. ఈ ఏటి జట్టు పోయిన ఏటి నివేదిక చదివాకే బయలుదేరాలి. నివేదిక తెలుగులో ఉండాలి, గ్రామసభలో చదవాలి. అక్కడ లేచే ప్రశ్నలకు విద్యార్థి చెప్పిన జవాబుకే ఎక్కువ మార్కులు పడాలి. విద్యార్థి లెక్క తప్పని ఒక రైతు అందరి ముందూ నిలదీస్తే, మూడేళ్ల డిగ్రీలో ఆ కుర్రవాడు పొందే అసలైన వైవా అదే.