ఢిల్లీ విద్యార్థులు: నాడు, నేడు

ఢిల్లీ విద్యార్థి మోయుచున్న బరువు చదువుతోనే పుట్టినదని కొందరు తలతురు. ఆ నగర చరిత్ర అట్లు చెప్పదు.

అజ్మీరీ ద్వారము చెంతనున్న గాజీయుద్దీన్ మదర్సాలో 1825లో ఢిల్లీ కళాశాల వెలసెను. 1828లో దానికి ఆంగ్లశాఖ చేరెను. చేరిన విద్యార్థులలో పలువురికి వేతనము లభించెడిది. కుటుంబముల పట్టుదల మాత్రము నేటికి విపరీతముగా నుండెను. పిమ్మట ఉర్దూ నవలాకారుడుగా పేరొందిన నజీర్ అహ్మద్ అచ్చట విద్యార్థి. తన కుమారుడు ఆంగ్లము నేర్చుటకన్న మరణించుటయే మేలని ఆయన తండ్రి పలికెనట. నజీర్ అహ్మద్ ఆ మాట జవదాటక అరబ్బీశాఖలోనే చదివెను. ఉద్యోగమున ప్రవేశించిన పిదప ఆంగ్లము నేర్చి, భారత శిక్షాస్మృతిని ఉర్దూలోనికి తెచ్చిన పనిలో పాల్గొని, డిప్యూటీ కలెక్టరు పదవి నందెను. చదువు తన బిడ్డను తనకు దూరము చేయునని నాటి తండ్రి భయము. చదువు లేనిచో లోకమే బిడ్డను దూరముగా నుంచునని నేటి తండ్రి భయము.

ఈ మార్పునకు మూలము బడిలో లేదు, కచేరీలో నున్నది. 1844లో గవర్నరు జనరల్ హార్డింజి ప్రభుత్వోద్యోగములలో ఆంగ్లవిద్య గలవారికి ప్రాధాన్యమొసగెను. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో నెలకొన్న విశ్వవిద్యాలయములు తొలుత ముఖ్యముగా పరీక్షించు సంస్థలే గాని బోధించునవి కావు. నాటినుండి పట్టము జ్ఞానమునకు గుర్తుగా గాక జీవనమునకు తాళపుచెవిగా మారెను.

అదే ఢిల్లీ కళాశాలలో మాస్టర్ రామచంద్ర గణితము బోధించెను. కలనగణితము తోడు లేక బీజగణితముతోనే గరిష్ఠ కనిష్ఠ సమస్యలను సాధింపవచ్చునని 1850లో ఆయన ఒక గ్రంథము ప్రకటించెను. కలకత్తాలో అది విమర్శలకు గురియైనను, డి మోర్గన్ పండితుడు దాని విలువ గుర్తించి 1859లో లండనులో పునర్ముద్రింపజేసెను. ఆ గ్రంథము ఏ పరీక్షకొరకును వ్రాయబడినది కాదు.

ఢిల్లీ విశ్వవిద్యాలయము 1922లో ఏర్పడెను. 2011లో అందలి శ్రీరామ్ వాణిజ్య కళాశాల, వాణిజ్యశాస్త్రము మున్ను చదువనివారికి 100కి 100 మార్కులు ప్రవేశార్హతగా నిర్ణయించెను. 2022లో కేంద్ర విశ్వవిద్యాలయములకు ఉమ్మడి ప్రవేశపరీక్ష వచ్చెను. కొలత మారెను గాని ద్వారము వెడల్పు కాలేదు.

బడిపిల్లల సంచుల బరువును గూర్చి రచయిత ఆర్.కె. నారాయణ్ 1989లో రాజ్యసభలో మొరపెట్టెను. యశ్‌పాల్ అధ్యక్షతన నియమింపబడిన సంఘము 1993లో నివేదిక నొసగుచు, పుస్తకముల బరువుకన్న అర్థము కాని చదువు బరువే హానికరమని తేల్చెను. అర్థముకానిదానిని కంఠస్థము చేసి నెగ్గిన బాలుడు సయితము ఓడినవాడే యని దాని సారాంశము.

పరీక్ష దోషము కాదు. ఆసనములు కొన్ని, ఆశావహులు పెక్కురు అయినప్పుడు ఏదో యొక కొలత తప్పదు. ఆ కొలతను మనిషి విలువగా నెంచుటయే దోషము. ద్వారమును వెడల్పు చేయుట ప్రభుత్వము పని. ద్వారము వెలుపల నిలిచిన బిడ్డను కొరగానివాడని తలపకుండుట ఇంటివారి పని. ఈ రెండవ పనికి శాసనముతో నిమిత్తము లేదు, నేడే ఆరంభింపవచ్చును.