పాత ఫిల్మ్ కెమెరా లెన్సులో ఫోకస్ లోపాలు

ఇతరులు వాడిన ఫిల్మ్ కెమెరా లెన్సుతో తీసిన చిత్రాలు మసకగా రావడానికి కారణమయ్యే లోపాలను ఫోకస్ లోపాలు అంటారు. ఇవి లెన్సు వల్లనే కాక కెమెరా వల్ల కూడా కలుగుతాయి. కనుక లెన్సును విప్పడానికి ముందే లోపం ఎక్కడ ఉన్నదో నిర్ధారించుకోవాలి.

పనిచేసే విధానం

సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ కెమెరాలో లెన్సు గుండా వచ్చిన కాంతి అద్దంపై పరావర్తనం చెంది, పైనున్న గరుకు తెరపై ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుంది. వ్యూఫైండర్‌లో కనిపించేది ఇదే. బటన్ నొక్కినప్పుడు అద్దం పైకి లేచి, కాంతి ఫిల్ముపై పడుతుంది. ఈ రెండు మార్గాల పొడవు సమానంగా ఉండాలి. లెన్సును బిగించే అంచు నుండి ఫిల్ముకు గల దూరం ఎం42 మర రకంలో 45.46 మి.మీ., 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ రకంలో 46.5 మి.మీ.

పరీక్ష

ఫిల్ము లేని కెమెరా వెనుక మూత తెరిచి, ఫిల్ము ఆనే లోపలి పట్టాలపై గరుకు గాజుపలకను, గరుకు వైపు లెన్సుకు ఎదురుగా ఉండేటట్లు ఆనించాలి. షట్టరును 'బి' వద్ద తెరిచి ఉంచి, లెన్సు ద్వారాన్ని పూర్తిగా తెరవాలి. ఫోకస్ ఉంగరాన్ని అనంతం గుర్తు వద్ద నిలిపి, సుదూర వస్తువు ప్రతిబింబాన్ని భూతద్దంతో పరిశీలించాలి. సూర్యుని వైపు చూపరాదు.

* పలకపై, వ్యూఫైండర్‌లో ఏదో ఒకదానిలోనే ప్రతిబింబం స్పష్టంగా ఉంటే, లోపం సాధారణంగా అద్దం లేదా తెర అమరికలో ఉంటుంది. వ్యూఫైండర్ మాత్రమే మసకగా ఉంటే చూసేవారి దృష్టిదోషం కూడా కారణం కావచ్చు.
* రెండింటిలోనూ మసకగా ఉంటే మరొక లెన్సు బిగించి చూడాలి. అది స్పష్టంగా ఉంటే దోషం మొదటి లెన్సుదే.

లెన్సులోని కారణాలు

* మర తప్పడం: ఫోకస్ మరకు అనేక ప్రారంభాలుంటాయి. శుభ్రపరచిన తరువాత వేరొక ప్రారంభం వద్ద బిగిస్తే దూరపు వస్తువులకు ఫోకస్ కుదరదు.
* అడాప్టరు: ఎం42 లెన్సును గాజు లేని అడాప్టరుతో నికాన్ ఎఫ్ కెమెరాకు బిగిస్తే అది ఫిల్ముకు కనీసం 1.04 మి.మీ. ఎక్కువ దూరంలో ఉంటుంది. అప్పుడు 50 మి.మీ. లెన్సుతో సుమారు రెండున్నర మీటర్లకు మించిన వస్తువులకు ఫోకస్ కుదరదు. ఇది లెన్సు దోషం కాదు.
* గ్రీజు ఎండిపోవడం: ఉంగరం బిగుసుకొని, సరైన స్థానం వద్ద నిలపడం కష్టమవుతుంది.
* గాజు పక్కకు ఒరగడం: లెన్సు కింద పడినప్పుడు ఇలా జరగవచ్చు. చిత్రంలో ఒక పక్క మాత్రమే మసకబారుతుంది.
* బూజు, మసక పొర: చిత్రమంతా వెలవెలబోతుంది. ఉంగరం తిప్పినా ఈ లక్షణం పోదు కనుక దీనిని ఫోకస్ లోపంగా భావించరాదు.

మరమ్మతు

మరను విప్పేటప్పుడు, రెండు భాగాలు విడిపోయే చోట ఇరువైపులా గుర్తు పెట్టుకోవాలి. తిరిగి అక్కడే కలిపి, పై పరీక్షను మరల జరిపిన తరువాతనే ఫిల్ము వేయడం మంచిది.

ఇవి కూడా చూడండి

* కటకం
* కెమెరా
* ఫోటోగ్రఫీ